పెరుగు తోడుకోవట్లేదు, "ఫేజ్ పట్టింది" అంటున్నారు. బ్యాక్టీరియాకు కూడా వైరస్ వస్తుందా?

హన్మకొండ_డెయిరీ
మాది హన్మకొండలో చిన్న పెరుగు యూనిట్. హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు బకెట్ పెరుగు వేస్తాం. పాలు 90 డిగ్రీల దాకా కాచి, 43కి చల్లార్చి, ప్యాకెట్ కల్చర్ కలిపి వేడి రూమ్‌లో పెడితే నాలుగైదు గంటల్లో గట్టిగా తోడుకునేది. ఈ మధ్య సగం బ్యాచ్‌లు పాడవుతున్నాయి. మొదటి గంట, గంటన్నర పులుపు బాగానే ఎక్కుతుంది, తర్వాత అక్కడే ఆగిపోతుంది. ఐదో గంటకు మూత తీస్తే పైన పలుచని పొర, కింద పాలు పాలే. పెళ్లిళ్ల సీజన్, ఆర్డర్లు ఒప్పుకుని ఉన్నాం, టెన్షన్ మామూలుగా లేదు. కల్చర్ అమ్మినవాళ్ల టెక్నీషియన్ వచ్చి చూసి "ఫేజ్ పట్టింది, కల్చర్ మార్చండి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఫేజ్ అంటే వైరస్ అంట. ఇది తిన్నవాళ్లకు ఏమైనా అవుతుందా? కొత్త కల్చర్‌కు మళ్లీ పట్టదని ఏం నమ్మకం? తెలిసినవాళ్లు జర వివరంగా చెప్పండి.

పశువైద్యం_కరీంనగర్
ఆయన మాట మీద వెంటనే కల్చర్ మార్చకండి. ముందు పాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. పొదుగు వాపుకు బర్రెకు పెన్సిలిన్ వేయించి, ఆగాల్సిన రోజులు ఆగకుండా పాలు పోసేవాళ్లు ఉంటారు. పెరుగు చేసే బ్యాక్టీరియాకు పెన్సిలిన్ అస్సలు పడదు. కొంచెం ఉన్నా ఎదగదు. పాలు కాచినంత మాత్రాన ఆ మందు పూర్తిగా పోదు. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

కాజీపేట_ప్యాసింజర్
మనకు జ్వరం వస్తే పెరుగు వద్దంటారు. పెరుగుకే జ్వరం వస్తే ఏం వద్దనాలి?

సూక్ష్మలోకం
డాక్టర్ గారు చెప్పిన కారణాన్ని కొట్టిపారేయలేం. కానీ డెయిరీ అన్న రాసిన ఒక్క మాట పట్టుకోండి: గంటన్నర దాకా పులుపు బాగా ఎక్కింది, తర్వాత ఆగింది. పాలలో మందు ఉంటే మొదటి నుంచే మందకొడిగా ఉంటుంది. బాగా పెరుగుతూ పెరుగుతూ మధ్యలో కూలిందంటే నా అనుమానం ఫేజ్ మీదే.

ఫేజ్ అంటే బ్యాక్టీరియాను మాత్రమే పట్టే వైరస్. 1915లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ విడివిడిగా దీన్ని గుర్తించారు. కణం గోడకు అతుక్కుని తన డీఎన్ఏను లోపలికి దించుతుంది. గంట అటూఇటుగా ఆ కణం పగిలి పదుల్లో, వందల్లో కొత్త ఫేజ్‌లు బయటపడతాయి. బకెట్‌లో నాలుగు గంటలంటే వాటికి ఎన్ని తరాలో మీరే లెక్కేయండి.

తిన్నవాళ్లకు ఏమీ కాదు. మన కణాల్లోకి దిగడం వాటికి చేతకాదు. మన పేగుల్లో, తాగే నీళ్లలో ఫేజ్‌లు ఎప్పుడూ ఉంటాయి.

ఇల్లు_వాకిలి
మా ఇంట్లో నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి అదే తోడు. ఊరికి పోతే పక్కింటి అక్కకు ఇచ్చి పోతాం, వచ్చాక మళ్లీ అడిగి తెచ్చుకుంటాం. చలికాలంలో ఆలస్యం అవుతుందేమో గానీ తోడుకోకుండా ఎన్నడూ లేదు. మాకు పట్టని ఫేజ్ డెయిరీకే ఎందుకు పడుతుంది మేడం?

సూక్ష్మలోకం
మంచి ప్రశ్న వేశారు. మీ తోడులో ఒక్క రకం ఉండదమ్మా. ఎన్నో జాతులు, ఒక్కో జాతిలో కొంచెం కొంచెం తేడా ఉన్న ఎన్నో రకాలు కలిసి ఉంటాయి. ఫేజ్ చాలా పట్టింపు గలది. ఒక రకాన్ని పట్టేది పక్క రకాన్ని ముట్టదు. మీ గిన్నెలో ఒక రకం చచ్చినా మిగతావి పని కానిస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు. డెయిరీ ప్యాకెట్‌లో రుచి, గట్టిదనం రోజూ ఒకేలా రావాలని ఒకటి రెండు రకాలనే ఏరి పెడతారు. ఆ ఒక్కటీ పడిపోతే బకెట్ మొత్తం పోయినట్టే.

బైపీసీ_ఫస్టియర్
మేడం, డౌట్. ఫేజ్ వచ్చాక అన్ని కణాలూ చచ్చిపోతాయా, కొన్ని బతుకుతాయా? బతికితే ఎలా? ఇమ్యూనిటీ అంటే లింఫోసైట్లు, యాంటీబాడీలు అని చదువుకున్నాం. బ్యాక్టీరియా ఒక్కటే కణం కదా, దానికి ఇవన్నీ ఎక్కడివి?

పాత_లెక్చరర్
తమ్ముడూ, యాంటీబాడీలు లేకపోయినా ఆయుధాలు ఉన్నాయి. రిస్ట్రిక్షన్ ఎంజైములు చదివే ఉంటావు. బయటి డీఎన్ఏలో ఫలానా అక్షరాల వరుస కనబడితే కోసేస్తాయి. తన డీఎన్ఏ మీద అదే చోట మిథైల్ గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి తనను తాను కోసుకోదు. దీనికే వెర్నర్ ఆర్బర్, డేనియల్ నాథన్స్, హ్యామిల్టన్ స్మిత్‌లకు 1978లో నోబెల్ వచ్చింది. అయితే ఇది పుట్టుకతో వచ్చే రక్షణ. వచ్చింది ఏ ఫేజ్ అనేది దానికి అక్కర్లేదు, గుర్తు లేకపోతే కోయడమే.

సూక్ష్మలోకం
సార్ చెప్పింది మొదటి అంచె. గుర్తుపెట్టుకునే అంచె ఇంకొకటి ఉంది, దాని పేరు క్రిస్పర్. కొంచెం పెద్దగా రాస్తాను.

మన చేర్యాల నకాశీ పటం చూసే ఉంటారు. పొడుగాటి గుడ్డ మీద బొమ్మ, తర్వాత పూల అంచు, మళ్లీ బొమ్మ, మళ్లీ అదే అంచు. బ్యాక్టీరియా డీఎన్ఏలో ఒకచోట అచ్చంగా ఈ అమరికే ఉంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఒకే వరుసను రిపీట్ అంటారు, అది అంచు. రెండు రిపీట్ల మధ్య ఉన్న స్పేసర్ బొమ్మ. ఏ రెండు స్పేసర్లూ ఒకటి కావు. పెరుగు చేసే స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్‌లో ఒక పటం చూస్తే రిపీట్ 36 అక్షరాలు, స్పేసర్ 30 అక్షరాలు. ఆ 30 అక్షరాలూ ఒకప్పుడు దాని మీద దాడి చేసిన ఫేజ్ డీఎన్ఏ నుంచి కోసి తెచ్చుకున్న ముక్క.

పని మూడు దశల్లో నడుస్తుంది. కొత్త ఫేజ్ వచ్చినప్పుడు కాస్1, కాస్2 అనే ప్రోటీన్లు దాని డీఎన్ఏ నుంచి చిన్న ముక్క పట్టుకుని వరుసలో మొదటి చోట అతికిస్తాయి. ఎప్పుడూ మొదట్లోనే. అందుకే ఒక బ్యాక్టీరియా స్పేసర్లు చదివితే ఇటీవలి దాడి ముందు, పాతవి వెనక కనిపిస్తాయి. తర్వాత ఆ వరుసంతా ఆర్ఎన్ఏగా నకలై, ముక్కలు ముక్కలుగా తెగి, ఒక్కో ముక్క ఒక్కో కాస్ ప్రోటీన్ చేతికి వెళుతుంది. అదే ఫేజ్ మళ్లీ డీఎన్ఏ దించిందా, ఆ ఆర్ఎన్ఏ దానితో అక్షరం అక్షరం జత కలుస్తుంది, ప్రోటీన్ దాన్ని కోసేస్తుంది. కాస్9 అనేది ఇలా కోసే ప్రోటీన్లలో ఒకటి.

ఇక మొదటిసారి దాడిలో బతికేవి ఎన్ని అంటావా, లక్షల్లో ఒకటి, ఇంకా తక్కువ కూడా. మిగతావన్నీ చస్తాయి. ఆ ఒక్కటి విడిపోయి విడిపోయి పెరిగితే దాని సంతానం మొత్తానికి ఆ స్పేసర్ పుట్టుకతోనే వస్తుంది.

బైపీసీ_ఫస్టియర్
సూపర్ మేడం. కానీ ఒక తిరకాసు ఉంది. స్పేసర్ బ్యాక్టీరియా సొంత డీఎన్ఏలోనే ఉంది కదా. అదే అక్షరాలు అక్కడ కూడా ఉన్నాయి. మరి ఆ కాస్ ప్రోటీన్ ముందు తన ఇంటినే కోసేయాలి కదా?

పాత_లెక్చరర్
శభాష్. నా సర్వీసులో ఈ ప్రశ్న అడిగిన పిల్లలు బహు తక్కువ.

సూక్ష్మలోకం
అక్కడే ఉంది కీలకం. ఫేజ్ డీఎన్ఏలో ఆ 30 అక్షరాల పక్కనే పామ్ అనే చిన్న గుర్తు వరుస ఉండాలి. కాస్9 ముందు దాన్ని వెతుకుతుంది. అది కనిపిస్తేనే పక్కన తెరిచి జత కలుస్తుందో లేదో చూస్తుంది. వైద్య ల్యాబుల్లో ఎక్కువగా వాడే స్ట్రెప్టోకోకస్ పయోజెనిస్ కాస్9కు ఆ గుర్తు ఏదో ఒక అక్షరం, తర్వాత రెండు జీ (G) అక్షరాలు. బ్యాక్టీరియా సొంత వరుసలో స్పేసర్ పక్కన ఉండేది రిపీట్. అందులో ఆ గుర్తు లేదు. అందుకే ఇల్లు క్షేమం. కొత్త ముక్క కోసేటప్పుడు కూడా పామ్ పక్కన ఉన్నదాన్నే ఏరుకుంటుంది.

కామారెడ్డి_డెయిరీటెక్
ఈ చర్చ పెరుగుతో మొదలవడం నాకు భలే నచ్చింది. బ్యాక్టీరియాకు ఇలాంటి జ్ఞాపకం ఉందని ప్రయోగంతో రుజువైంది పెరుగు కల్చర్‌లోనే. 2007లో డానిస్కో కంపెనీలో రొడోల్ఫ్ బరాంగు, ఫిలిప్ హోర్వాత్, వాళ్లతో పనిచేసిన సిల్వైన్ మొయినో బృందం థర్మోఫిలస్ మీదకు రెండు ఫేజ్‌లను వదిలారు. తట్టుకుని బతికిన 9 రకాలను ఏరి చూస్తే అన్నింటిలోనూ ఒకటి నుంచి నాలుగు దాకా కొత్త స్పేసర్లు చేరి ఉన్నాయి. అవి ఆ ఫేజ్‌ల డీఎన్ఏతో సరిపోయాయి. స్పేసర్ తీసేస్తే రక్షణ పోయింది, వేరేదానిలో పెడితే వచ్చింది. కంపెనీకి కావాల్సింది కూడా మన డెయిరీ అన్నకు కావాల్సిందే, కూలిపోని కల్చర్.

పశువైద్యం_కరీంనగర్
ఆసక్తిగా ఉంది. కానీ ఈ వరుసలను అంతకుముందు ఎవరూ చూడలేదా?

సూక్ష్మలోకం
చూశారు. 1987లో ఒసాకాలో యోషిజుమి ఇషినో బృందం ఈ.కోలైలో వేరే జన్యువు చదువుతూ దాని పక్కన ఈ వింత వరుసను గమనించి రాసిపెట్టింది. దాని పనేంటో అప్పటికి తెలియదు. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో మొహికా సముద్రపు ఉప్పు మడుల్లో బతికే ఆర్కియాలో (బ్యాక్టీరియాలాగే ఒకే కణమున్న వేరే కోవ సూక్ష్మజీవులు) ఇలాంటివే చూశారు. ఏళ్ల తరబడి వదల్లేదు. 2003లో స్పేసర్లను డేటాబేస్‌తో పోల్చి చూస్తే కొన్ని ఫేజ్‌లతో కలిశాయి. ఇది రోగనిరోధకత అని వ్యాసం రాస్తే పత్రికలు వరసగా తిప్పి పంపాయి. చివరికి 2005లో అచ్చయింది. అదే సంవత్సరం ఫ్రాన్స్ నుంచి ఇంకో రెండు బృందాలు కూడా స్పేసర్లు బయటి నుంచి వచ్చినవేనని రాశాయి. నాకు ఈ మొత్తం కథలో మొహికా ఓపికే ఎక్కువ ఇష్టం. ఉప్పు మడిలో సూక్ష్మజీవి మీద ఎవరికి ఏం ఉపయోగం అని అడిగినవాళ్లకు ఆయన దగ్గర జవాబు లేదు, అయినా ఆపలేదు.

పాత_లెక్చరర్
ఒక్క విషయంలో నాకు అభ్యంతరం. ఇది చదివి పిల్లలు, బతుకులో సంపాదించిన మార్పు సంతానానికి వస్తుందన్న లామార్క్ నెగ్గాడు అనుకుంటారు. జిరాఫీ మెడ సాగదీస్తే పిల్లకు మెడ సాగదు. ఇక్కడ కూడా జరిగింది ఎంపికే. స్పేసర్ దక్కనివి చచ్చాయి, దక్కినవి మిగిలాయి. డార్విన్ మాట ఎక్కడా తప్పలేదు.

సూక్ష్మలోకం
సార్, సగం ఒప్పుకుంటాను. ఎంపిక ఉంది. కానీ మామూలు మ్యుటేషన్, అంటే డీఎన్ఏ అక్షరాల్లో వచ్చే మార్పు, ఎక్కడ పడుతుందో దానికే తెలియదు. ఇక్కడ మార్పు ఆ శత్రువు నుంచే వచ్చింది, ఆ శత్రువు మీదే పనిచేస్తుంది, పిల్లలకు నేరుగా అందుతుంది. పరిణామ శాస్త్రవేత్త యూజీన్ కూనిన్ 2009లో ఇది లామార్క్ చెప్పిన దారికి నిజమైన ఉదాహరణ అని వాదించారు. నాకు ఆ వాదన సబబుగానే తోస్తుంది.

పాత_లెక్చరర్
కూనిన్ వాదన చదివాను. ఏ ముక్క పట్టుకోవాలో ఆ కణం ఎంచుకోదు. కొన్నిసార్లు తన సొంత డీఎన్ఏ ముక్కనే పట్టుకుని తానే చస్తుంది. కాబట్టి నా మాట మీద నేనున్నాను.

ఇల్లు_వాకిలి
మీ ఇద్దరి వాదన చదువుతూ పాలు పొంగించాను. నాకు అర్థమైంది ఒకటే: మనకు అమ్మవారు పోసి తగ్గితే ఆ రక్షణ మన పిల్లలకు రాదు. వాటికి మాత్రం వస్తుంది. అంతేనా?

సూక్ష్మలోకం
అంతే. మన జ్ఞాపకం రక్తంలోని కణాల్లో ఉంటుంది, అది పిల్లల జన్యువుల్లోకి పోదు. కడుపులో ఉన్నప్పుడు, తర్వాత తల్లిపాలతో కొంతకాలం యాంటీబాడీలు అందుతాయి, అంతవరకే. బ్యాక్టీరియాకు శరీరం, సంతానం అని వేరువేరుగా లేవు కదా.

డ్యూటీ_డాక్టర్_వరంగల్
ఇంత మంచి ఆయుధం ఉంటే అన్ని బ్యాక్టీరియాలకూ ఎందుకు లేదు అని అడిగేవాళ్ల కోసం. బ్యాక్టీరియాలో సుమారు 40 శాతానికే క్రిస్పర్ ఉంది, ఆర్కియాలో మాత్రం చాలా ఎక్కువ. ఒక కారణం మా వార్డుల్లో కనిపిస్తుంది. బయటి డీఎన్ఏ అంటే ఫేజ్ ఒక్కటే కాదు, యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు మోసుకొచ్చే ప్లాస్మిడ్లు (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పోగల చిన్న డీఎన్ఏ వలయాలు) కూడా. క్రిస్పర్ ఉన్నది వాటినీ కోసేస్తుంది. లూసియానో మరాఫిని, ఎరిక్ సాంథైమర్ 2008లో స్టెఫైలోకోకస్‌లో దీన్ని చూపించారు. ఎంటెరోకోకస్‌లో చాలా మందులకు లొంగని రకాలను 2010లో పరిశీలిస్తే వాటిలో ఎక్కువగా క్రిస్పర్ వ్యవస్థ లేదు. తలుపు తెరిచి ఉంచినవే మందులను తట్టుకుంటున్నాయి. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు మింగి మానేసేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. ఆ మందుల వరదలో తలుపు తెరిచిన రకాలే నెగ్గుతాయి.

కాజీపేట_ప్యాసింజర్
మరి ఫేజ్ ఊరుకుంటుందా? నేనైతే ఊరుకోను.

కామారెడ్డి_డెయిరీటెక్
ఊరుకోదు. నేను చెప్పిన 2007 ప్రయోగంలోనే, స్పేసర్‌తో కలిసే చోట ఒక్క అక్షరం మారిన ఫేజ్‌లు మళ్లీ దాడి చేశాయి. 2013లో కెనడాలో సూడోమోనాస్ ఫేజ్‌లలో ఇంకో ఎత్తు దొరికింది. క్రిస్పర్ ప్రోటీన్లకే అడ్డుపడే చిన్న ప్రోటీన్లను ఆ ఫేజ్‌లు తయారు చేస్తాయి. మళ్లీ బ్యాక్టీరియా కొత్త స్పేసర్ చేర్చుకుంటుంది. ఇది ఆగే పోరు కాదు.

ఇక్కడే ఇల్లు_వాకిలి గారి తోడుకు సంబంధించిన సంగతి ఉంది. 2016లో ఒక ప్రయోగంలో ఒకే స్పేసర్ ఉన్న బ్యాక్టీరియా గుంపును, రకరకాల స్పేసర్లున్న గుంపును వేరువేరుగా పెట్టి ఫేజ్ వదిలారు. అందరిదీ ఒకే జ్ఞాపకమైతే ఫేజ్ ఒక మార్పుతో గట్టెక్కింది. తలా ఒక ముక్క గుర్తుపెట్టుకున్న గుంపులో మాత్రం ఫేజ్ పూర్తిగా అంతరించింది. అన్నింటి నుంచీ ఒకేసారి తప్పించుకోవడం దానివల్ల కాలేదు. నాకు ఈ ఫలితం చదివినప్పుడు చాలా సంతోషం వేసింది.

హన్మకొండ_డెయిరీ
అన్నీ చదివాను. నాదొక సందేహం. నా పాడైన బకెట్‌లో కూడా బతికినవి కొన్ని ఉంటాయి కదా. వాటికి ఈ ఫేజ్ గుర్తుంటుంది. వాటినే తోడుగా వాడితే పని అయిపోదా?

కామారెడ్డి_డెయిరీటెక్
ఆలోచన సరైనదే, కల్చర్ కంపెనీలు చేసేదీ ఇదే. ఒక ఫేజ్‌కు చూపించి, బతికినదాన్ని ఇంకో ఫేజ్‌కు చూపించి, స్పేసర్లు పోగుచేస్తాయి. మొయినో ల్యాబ్ 2014లో ఇంకో సంగతి చూపించింది: అల్ట్రావయొలెట్ కాంతితో దెబ్బతిన్న, చంపలేని ఫేజ్‌లు కలిపితే బ్యాక్టీరియా ఎక్కువగా స్పేసర్లు పట్టుకుంటుంది. మన టీకా సూత్రమే. కానీ మీ బకెట్ నుంచి చెంచాతో తీస్తే బతికిన ఒక్కదానితో పాటు కోట్ల ఫేజ్‌లు కూడా వస్తాయి అన్నా. ల్యాబ్‌లో ఒక్కో కాలనీ విడదీసి, పులుపు, రుచి పరీక్షించాకే వాడాలి. బకెట్ నుంచి మాత్రం వద్దు.

సూక్ష్మలోకం
ముందు ఫేజా, మందా తేల్చుకోండి. పాడైన బ్యాచ్ తేటను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడపోయించండి. బ్యాక్టీరియా ఆగిపోతుంది, ఫేజ్ దాటుతుంది. మందు లేవని నమ్మకమున్న పాలలో అదే కల్చర్ వేసి, ఒక గొట్టంలో ఆ తేట చుక్కలు కలపండి, ఒకదానిలో వద్దు. తేట కలిపింది ఆగిపోతే దాని తేట వడపోసి తర్వాతి గొట్టంలో కలపండి. పెన్సిలిన్ అయితే ప్రతిసారీ పలచబడి ప్రభావం పోతుంది. ఫేజ్ అయితే పెరుగుతుంది కాబట్టి మూడో గొట్టం కూడా ఆగుతుంది.

బైపీసీ_ఫస్టియర్
ఫేజ్‌ను కళ్లతో చూడొచ్చా మేడం?

సూక్ష్మలోకం
దాన్ని చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. అది చేసిన పని మామూలు కంటికే కనిపిస్తుంది. అగార్ ప్లేట్ నిండా బ్యాక్టీరియా పెంచి పైన ఫేజ్ కలిపితే, మర్నాటికి తెల్లటి పొరలో అక్కడక్కడా గుండ్రటి ఖాళీ మచ్చలు పడతాయి. ఒక్కో మచ్చ ఒక్క ఫేజ్‌తో మొదలైంది. మీ లెక్చరర్‌ను అడుగు, ప్రమాదం లేని బ్యాక్టీరియాతో చేసి చూపిస్తారు.

హన్మకొండ_డెయిరీ
తెలిసినాయన ల్యాబ్‌లో మేడం చెప్పినట్టే చేయించాను. మూడో గొట్టం కూడా ఆగిపోయింది. తేట కలపని గొట్టం మంచిగ తోడుకుంది.

పశువైద్యం_కరీంనగర్
అయితే ఇది ఫేజే. పాలలో మందు పరీక్ష మాత్రం మానకండి, రెండూ ఒకే నెలలో రావచ్చు.

కామారెడ్డి_డెయిరీటెక్
ఇప్పుడు చేయాల్సినవి. తేటలో ఫేజ్ గుట్టలుగా ఉంటుంది, అది నేల మీద ఒలికి, తుంపరగా గాలిలోకి లేచి మళ్లీ పాలలో పడుతుంది. పాడైన బకెట్లు కల్చర్ కలిపే రూమ్‌లో ఖాళీ చేయకండి. మోరీ, గరిటెలు, మూతల రబ్బర్లు క్లోరిన్‌తో గానీ పెరసెటిక్ యాసిడ్‌తో గానీ కడగండి, స్పిరిట్ తుడుపు చాలదు. మామూలు పాశ్చరైజేషన్ వేడిని చాలా ఫేజ్‌లు తట్టుకుంటాయి. మీరు 90 దాకా కాచి కాసేపు ఉంచుతున్నారు కాబట్టి పాలు చాలావరకు శుభ్రమే, తర్వాత అంటుకునేదే అసలు తంటా. కల్చర్ అమ్మేవాళ్లను ఒకే ఫేజ్‌కు పడిపోని రెండు మూడు వేర్వేరు కల్చర్లు అడిగి మార్చి మార్చి వాడండి. పేరు మారితే సరిపోదు, లోపలి రకం మారాలి. అది గట్టిగా అడగండి.

ఆదిలాబాద్_టీచర్
పక్కకు పోతున్నాను, క్షమించండి. మా దగ్గర గోండు, కొలాం గూడేల పిల్లల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తం జబ్బు ఉంది. దానికి క్రిస్పర్ మందు వచ్చిందని విన్నాను. ఈ క్రిస్పరేనా?

డ్యూటీ_డాక్టర్_వరంగల్
ఇదే. ఆ కోసే ప్రోటీన్‌కు మనకు కావాల్సిన చోటు చూపించే ఆర్ఎన్ఏ ఇవ్వొచ్చని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంతియే చూపించారు, 2020లో నోబెల్ వచ్చింది. దానితో చేసిన సికిల్ సెల్ చికిత్సకు 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మన గూడేలకు ఆ ధరలో అందదు, అది చెప్పుకోవాలి. అప్పటిదాకా పిల్లలకు రక్తపరీక్ష చేయించడం, హైడ్రాక్సీయూరియా మాత్రలు ఆగకుండా చూడటం వదలకండి.

నర్సంపేట_రైతు
వరిలో ఎండాకు తెగులు కూడా బ్యాక్టీరియానే అంటారు కదా. దాని ఫేజ్ పట్టి తెచ్చి మందులాగా కొట్టొచ్చా?

సూక్ష్మలోకం
కొట్టాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో టమాట, మిరపల మీద బ్యాక్టీరియా మచ్చ తెగులుకు ఒక ఫేజ్ మందుకు 2005లో అనుమతి ఇచ్చారు. ఎండకు ఫేజ్ త్వరగా చస్తుంది కాబట్టి సాయంత్రాలే కొట్టాలి. ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్ ఒరైజేలో కూడా క్రిస్పర్ ఉన్న రకాలు ఉన్నాయి, వాటి స్పేసర్లలో దాని ఫేజ్ ముక్కలు దొరికాయి. అంటే ఒకే ఫేజ్‌ను నమ్ముకుంటే నాలుగు రోజులకు ఆ బ్యాక్టీరియా దానికి లొంగదు, రకరకాల ఫేజ్‌ల కలగలుపు కావాలి.

ఈ వానాకాలానికైతే విత్తనమే దారి. మీరు వేసేది సాంబ మసూరి అయితే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అడగండి. ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు దానిలో ఉన్నాయి, మామూలు సంకరంతో చేర్చినవే.

నర్సంపేట_రైతు
పోయినేడు వచ్చిన కమల అనే రకం కూడా అదేనా?

సూక్ష్మలోకం
కాదు. కమల అంటే డీఆర్ఆర్ ధాన్ 100, సాంబ మసూరినే క్రిస్పర్‌తో సవరించి 2025 మేలో ప్రకటించారు. అది గింజల సంఖ్య పెంచడానికి, త్వరగా కోతకు రావడానికి చేసింది, ఎండాకు తెగులు కోసం కాదు. రెండింటినీ కలిపి అమ్మేవాళ్లు ఉంటే నమ్మకండి, సంచి మీద రకం పేరు చూసి తీసుకోండి. తెగులు కనిపించిన మడిలో యూరియా ఆపండి, ఆ మడి నీళ్లు కింది మడిలోకి వదలకండి.